లోతైన ఇసుక పరుపులో రాళ్లు ఒరగకుండా నిలవాలంటే

కళింగపట్నం తీరాన కెరటం వెనక్కి లాగేటప్పుడు తడి ఇసుకలో నిలబడి చూసినవాళ్లకు మడమల కింద ఇసుక జారిపోవడం తెలుసు. కాలు కదపకపోయినా ఒళ్లు వెనక్కి ఒరుగుతుంది. పాదాలకు తగిలిన నీరు పక్కకు తిరిగి వేగం పుంజుకుని, రేణువులను తవ్వి పట్టుకుపోతుంది. ఉప్పునీటి అక్వేరియంలో లోతైన ఇసుక మీద పేర్చిన రాళ్లకు జరిగేది కూడా ఇదే. సముద్రం క్షణాల్లో చేసే పనిని తొట్టెలో పంపుల ప్రవాహం, పురుగులు, రొయ్యలు కలిసి నెలల తరబడి చేస్తాయి. ఒకనాటి రాత్రి రాయి జారుతుంది.

లోతైన ఇసుక పరుపు అంటే అర జానెడు ఇసుక, కొలతల్లో చెప్పాలంటే 10 నుంచి 15 సెంటీమీటర్లు. పై పొరలో ఆక్సిజన్ అందే చోట ఉండే బ్యాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. కింద ఆక్సిజన్ అందని చోట వేరే బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువుగా మార్చి వదిలేస్తుంది. ఈ రెండు పొరల మధ్య నీటిని, ఆహారాన్ని చేరవేసేవి ఇసుకలో బొరియలు చేసుకుని బతికే సన్నటి పురుగులు, చిన్న చిన్న కీటకాల్లాంటి రొయ్యజాతి జీవులు. అమెరికాకు చెందిన అకశేరుక జీవశాస్త్రవేత్త రాన్ షిమెక్ ఈ పద్ధతిని అక్వేరియం పెంపకందారుల్లో బాగా ప్రచారం చేశారు. ఆయన పదే పదే చెప్పిన మాట ఒకటుంది: ఇసుకను పని చేయించేది అందులోని జీవాలే. ఆ జీవాలకు కావలసింది కదలడానికి వీలైన వదులు ఇసుక. రాళ్లకు కావలసింది కదలని గట్టి నేల. ఒకే తొట్టెలో ఈ రెండూ కుదరాలి. రాళ్ల బరువు ఇసుక మీద పడకుండా నేరుగా అడుగు గాజుకు చేరాలి, ఆ బరువును మోసే కాళ్లు ఇసుకలో వీలైనంత తక్కువ చోటు తీసుకోవాలి. మిగతా వివరాలన్నీ ఈ రెండింటి నుంచే వస్తాయి.

నీటిలో ఇసుక ఎందుకు మోయలేదో ముందు చూడాలి. పొడి ఇసుక రేణువులు ఒకదాని మీద ఒకటి పూర్తి బరువుతో కూర్చుంటాయి, ఆ ఒరిపిడే బలం. నీటిలో మునిగాక రేణువు బరువులో మూడో వంతు పైగా నీరే మోస్తుంది కాబట్టి ఒరిపిడీ ఆ మేరకు తగ్గుతుంది. పైగా జీవాలు రోజూ కుళ్లగిస్తూ ఉంటాయి. నాగావళి ఇసుకలో వంతెన కట్టేవాళ్లు స్తంభాన్ని ఇసుక మీద ఆపరు, గట్టి నేల తగిలేదాకా దింపుతారు. వరద రోజుల్లో స్తంభం మొదట్లో నీరు సుడి తిరిగి గుంత చేస్తుందని వాళ్లకు తెలుసు. తొట్టెలో వేవ్‌మేకర్ (నీటిని ప్రవాహంలా నెట్టే పంపు) ధార రాతి మొదలును తాకినచోట కూడా ఇలాంటి గుంతే పడుతుంది. 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్ల సన్నటి ఇసుక అయితే ఒక్క రాత్రి చాలు.

దీనికి తోడు తవ్వుడు జీవాలు ఉంటాయి. పిస్టల్ రొయ్య, దానితో కాపురముండే గోబీ చేప, జా ఫిష్, ఇంజినీర్ గోబీ, ఇసుకను నోటితో జల్లెడ పట్టే స్లీపర్ గోబీలు. బొరియకు పైకప్పు కావాలి కాబట్టి ఇవి ఏరికోరి రాతి కిందే తవ్వుతాయి. తీరంలో ఇసుక పీత రాత్రికి రాత్రే ఎంత మట్టి ఎత్తిపోస్తుందో చూసినవాళ్లకు పిస్టల్ రొయ్య పని విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంజినీర్ గోబీ పెద్దదైతే ఒక జాన వెడల్పున రాయి కింద మొత్తం డొల్ల చేస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

రాయి పడితే గాజు పగులుతుందని అందరూ భయపడతారు. ఆ భయం సబబే. అయితే లోతైన ఇసుక ఉన్న తొట్టెలో అంతకన్నా ఎక్కువగా జరిగే నష్టం వేరు. అడుగు పొరలో ఆక్సిజన్ లేని చోట సముద్రపు నీటిలోని సల్ఫేట్‌ను బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన దానిదే, ఇసుకలో కనిపించే నల్లటి మరకలు ఐరన్ సల్ఫైడ్‌వి. కదిలించనంత కాలం అది పై పొరకు చేరేలోపే ఆక్సిజన్ తగిలి విరిగిపోతుంది. ఐదు కిలోల రాయి పక్కకు దొర్లి అడుగు ఇసుకను ఒక్కసారి తిరగేస్తే ఆ విషం, దానితోపాటు ఏళ్లుగా పేరుకున్న మురికి ఒక్కసారే నీటిలో కలుస్తాయి. గాజుకు గీత కూడా పడకుండా తెల్లారేసరికి చేపలు చచ్చిపోయేది ఇలాగే.

పైపు కాళ్లెందుకు

రాళ్లను నేరుగా అడుగు గాజు మీద పెట్టి చుట్టూ ఇసుక పోయడం అన్నిటికన్నా సులువు. నిలకడకు ఢోకా ఉండదు. కానీ 12 సెంటీమీటర్ల ఇసుకలో రాతి దిగువ భాగమంతా పూడిపోతుంది. డబ్బు పెట్టి కొన్న రాళ్లలో మూడో వంతు కంటికి కనిపించదు, నీరు సోకదు, మురికిని మాత్రం పట్టి ఉంచుతుంది. రాళ్లు కూర్చున్న మేర ఇసుక పరుపే ఉండదు. తరవాత ఏ రాయినైనా పైకి తీయాలంటే ఇందాక చెప్పిన సల్ఫైడ్ ప్రమాదం తప్పదు. ఇసుక మీద వెడల్పాటి పలక పరిచి దాని మీద రాళ్లు పేర్చడం ఇంకా చెడ్డది. పలక కింద ఇసుకకు ఆక్సిజన్ అందదు, పలక అంచున తవ్వుడు ఆగదు.

వీటికి బదులు అడుగు గాజు మీద నిలిచే ప్లాస్టిక్ పైపు కాళ్ల స్టాండు చేసి, దాని చట్రం మీద రాళ్లు పేర్చాలి. లెక్క వేసి చూస్తే తేడా తెలుస్తుంది. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తొట్టె అడుగు వైశాల్యం సుమారు 7,200 చదరపు సెంటీమీటర్లు. ముప్పావు అంగుళం పైపు బయటి వ్యాసం 26.7 మిల్లీమీటర్లు, అంటే ఒక కాలు ఆక్రమించేది 5.6 చదరపు సెంటీమీటర్లు. రెండు రాతి గుట్టలకు ఎనిమిది కాళ్లు పెట్టినా 45 చదరపు సెంటీమీటర్లు దాటదు. నూటికి ఒక్క వంతు కూడా కాదు. పైన వచ్చే చట్రాన్ని కలుపుకున్నా ఇసుకకు పెద్ద నష్టం లేదు, చట్రం కింద ఇసుక అంతా ఒకటిగానే ఉంటుంది.

ఇక్కడ ఒక అయోమయం తొలగించాలి. మొనాకోలో జాఁ జోబేర్ రూపొందించిన పద్ధతిలో ఇసుక కింద జాలీ పరిచి ఖాళీ నీటి గది వదులుతారు, దాన్ని ప్లీనమ్ అంటారు. పైపు స్టాండుకూ దానికీ సంబంధం లేదు. స్టాండు చుట్టూ, చట్రం కింద, పైపుల లోపల అంతా ఇసుకే నిండాలి. ఖాళీ ఎక్కడా మిగలకూడదు.

సరుకు ఎంపిక

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరికే తాగునీటి యూపీవీసీ పైపు చాలు. షెడ్యూల్ 40 (పైపు గోడ మందాన్ని చెప్పే గుర్తు) రకం, ముప్పావు అంగుళం. అరంగుళం పైపు పది కిలోల లోపు గుట్టలకు సరిపోతుంది. పొలం బోరుకు వాడి పక్కన పడేసిన పాత పైపు ముక్కలు మాత్రం వద్దు. పీవీసీ వేడికి చెడిపోకుండా సీసపు లవణాలు కలిపే అలవాటు ఉండేది, దాన్ని కట్టడి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. అందుకే కొత్త పైపు, సీసం లేనిదని ముద్ర ఉన్నది తీసుకోవాలి.

ఫిట్టింగులు కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొళాయి బిగించే చోట వాడే ఎల్బోల్లో, టీల్లో లోపల ఇత్తడి మర ఉంటుంది. ఇత్తడిలో రాగి ఉంది. రాగి చేపలకన్నా ముందు రొయ్యలను, నత్తలను, పగడాలను చంపుతుంది. పూర్తిగా ప్లాస్టిక్‌వే అడిగి తీసుకోవాలి. ఉప్పునీటిలో తుప్పు పట్టి లోహం వదులుతాయి కాబట్టి ఇనుప చువ్వ, బైండింగ్ వైరు, జీఐ తీగ కూడా తొట్టెలోకి రాకూడదు. స్టీలు కూడా ఉప్పునీటిలో నమ్మదగ్గది కాదు. కట్టడానికి నైలాన్ కేబుల్ టైలు, గుచ్చడానికి 10 లేదా 12 మిల్లీమీటర్ల అక్రిలిక్ కడ్డీ లేక ఫైబర్‌గ్లాస్ కడ్డీ వాడాలి.

రాళ్ల విషయంలో చట్టం కచ్చితంగా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దిబ్బలు కట్టే పగడాలకు 2001 నుంచి రక్షణ ఉంది. తీరానికి కొట్టుకొచ్చినదైనా పగడపు రాయి ఏరి తేవడం నేరం. ఇసుకను శుభ్రం చేస్తుందని విదేశీ వ్యాసాలు పొగిడే సముద్ర దోసకాయ కూడా ఇక్కడ రక్షిత జీవే, దాని జోలికి పోకూడదు. కాబట్టి కృత్రిమంగా చేసిన డ్రై రాక్, సిరామిక్ రాయి, లేదా సిమెంటుతో పోసి నెలల పాటు మంచినీటిలో నానబెట్టిన రాయి మిగిలిన దారులు.

దగ్గర్లో ఊరికే దొరికే రాయి చూస్తే మనసు లాగుతుంది. టెక్కలి చుట్టుపక్కల గ్రానైట్ ముక్కలకు కొదవ లేదు. గ్రానైట్ ఉప్పునీటిలో కరగదు గానీ రంధ్రాలు లేని రాయి, బ్యాక్టీరియాకు ఇల్లు కాదు. లీటరు పరిమాణానికి 2.7 కిలోల బరువు తూగుతుంది. విజయనగరం జిల్లాలో గరివిడి, చీపురుపల్లి వైపు రాళ్లయితే అసలే వద్దు. అవి మాంగనీస్ గనుల ప్రాంతాలు. అక్కడి రాళ్లలో నల్లటి చారలు కనిపిస్తే అది ఖనిజమే.

ఇసుకకూ ఇదే మాట. భావనపాడు, కళింగపట్నం తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ వంటి బరువు ఖనిజాలు ఉన్నాయి. నల్లగా, ఎర్రగా మెరిసే పొరలు అవే. అయస్కాంతానికి అంటుకునే రేణువులు గాజు తుడిచే మాగ్నెట్‌కు పట్టుకుని అద్దమంతా గీతలు పెడతాయి. తీరం నుంచి ఇసుక తీయడం మీద నిషేధం ఉండనే ఉంది. వంశధార, నాగావళి ఇసుక ముతక, అందులో మన్ను కలిసి ఉంటుంది. మంచిది అరగొనైట్ (కాల్షియం ఉన్న సున్నపు) ఇసుక, దాని ధర భారమైతే నీటి శుద్ధికి వాడే జల్లించిన సన్న క్వార్ట్జ్ ఇసుక. క్వార్ట్జ్ నీటికి కాల్షియం ఇవ్వదు, అంతే. నైట్రేట్ తగ్గించే పని రెండూ చేస్తాయి. ఇసుకలోకి దూరి పడుకునే రాస్ చేపలు పెంచేవాళ్లు మాత్రం కోణాలున్న క్వార్ట్జ్ మానుకోవాలి.

స్టాండు తయారీ

ఒక గుట్టకు 15 నుంచి 20 కిలోల రాళ్లనుకుంటే 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు దీర్ఘచతురస్రపు చట్రం సరిపోతుంది. నాలుగు మూలలకు నాలుగు ఎల్బోలు, పొడవాటి భుజాలు రెండింటిలో రెండేసి టీలు. టీల నోళ్లు కిందికి చూడాలి, వాటిలోంచి కాళ్లు దిగుతాయి. ఒక్కో స్టాండుకు మీటరున్నర పైపు తీసుకుంటే తరుగు పోను సరిపోతుంది.

ఎత్తు దగ్గరే చాలామంది తప్పుతారు. చట్రం పైభాగం ఇసుక మట్టానికి రెండు సెంటీమీటర్ల కింద ఉండాలి. మట్టానికి సమానంగా పెడితే కొద్దిపాటి ఇసుక కదిలినా తెల్ల పైపు బయటపడుతుంది. మరీ కిందికి పెడితే రాయి ఎక్కువగా పూడిపోతుంది. ఇసుక 12 సెంటీమీటర్లయితే చట్రం పైభాగం అడుగు గాజు నుంచి 10 సెంటీమీటర్లు. అందులోంచి టీ ఎత్తు, కాలి కింద వచ్చే అక్రిలిక్ మెత్త (బరువును పరిచే పలక ముక్క) మందం తీసేసి, పైపు టీలోకి దిగే రెండు రెండున్నర సెంటీమీటర్లు కలపాలి. కాలి ముక్క సుమారు ఏడు సెంటీమీటర్లు తేలుతుంది. కంపెనీని బట్టి ఫిట్టింగు కొలతలు మారతాయి కాబట్టి మొదట ఒక కాలు కోసి, అంటించకుండా బిగించి స్కేలుతో కొలిచి, అది సరిగా వచ్చాక మిగతా మూడూ దాన్ని చూసి కోయాలి.

నాలుగు కాళ్ల మంచం కుంటుతుంది, ముక్కాలి పీట కుంటదు. ఏ నేల మీదైనా మూడు కాళ్లు ఆనుతాయి, నాలుగోది గాలిలో ఉండవచ్చు. చిన్న గుట్టకు మూడు కాళ్లే పెట్టడం నిజానికి మేలు. నాలుగు పెట్టేటప్పుడు సాల్వెంట్ సిమెంటు (పీవీసీ పైపుల జిగురు) పూసిన వెంటనే స్టాండును వంటగది గ్రానైట్ గట్టు మీద తలక్రిందులు కాకుండా నిలబెట్టి, పైనుంచి నొక్కి, కాళ్లన్నీ ఆనేలా సర్దాలి. సిమెంటు పట్టేది క్షణాల్లోనే, ఆ తరవాత సర్దుబాటు కుదరదు. పైన ఒక నూనె డబ్బా బరువు పెట్టి 24 గంటలు వదిలేయాలి. తరవాత రెండు మూడు రోజులు నీటిలో నానబెట్టి, నీళ్లు మార్చి, వాసన పోయాకే తొట్టెలోకి.

అంటించే ముందు పైపులకు రంధ్రాలు వేయాలి. ప్రతి మూడు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున, 6 నుంచి 8 మిల్లీమీటర్ల బిట్‌తో. రంధ్రాల్లేకపోతే పైపులో గాలి చిక్కి స్టాండు తేలబోతుంది, గాలి పోయాక లోపల నీరు కదలకుండా మురుగుతుంది. రంధ్రాలుంటే ఇసుక లోపలికి చేరి పైపు కూడా పరుపులో భాగమవుతుంది.

కాలి కింద మెత్త ఎందుకో ఇంకో లెక్క చెబుతుంది. 20 కిలోల గుట్ట నాలుగు కాళ్ల మీద పడితే కాలికి 5 కిలోలు. పైపు అంచు కేవలం 2.2 చదరపు సెంటీమీటర్ల వలయం, అంటే చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోల ఒత్తిడి. దాని కింద 6 సెంటీమీటర్ల చదరం, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న అక్రిలిక్ ముక్క అంటిస్తే అదే బరువు 36 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది. ఒత్తిడి 0.14 కిలోలకు దిగుతుంది. 55 సెంటీమీటర్ల నీరు అదే గాజు మీద 0.056 కిలోలు పెడుతుంది. గాజు బరువుకు భయపడదు, ఒక్క బిందువు మీద పడే బరువుకే భయపడుతుంది. అందుకే మెత్తకూ గాజుకూ మధ్య ఒక్క ఇసుక రేణువు కూడా ఉండకూడదు. ఆ రేణువే ఉలి అవుతుంది.

మెత్తను కాలికి, వీలైతే అడుగు గాజుకు కూడా బూజు మందు కలపని సిలికాన్‌తో అంటించాలి. సిలికాన్ గట్టిపడేది గాలిలోని తేమతోనే, కాబట్టి మన తీరప్రాంతపు ఉక్కపోత ఇక్కడ మంచే చేస్తుంది. అయినా వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే ఒకటి రెండు రోజులు ఆగాలి. గాజుకు అంటించడంలో లాభం ఒకటుంది. ఇసుకలో ఉన్న స్టాండు కాలు ఒక్కసారి పైకి లేస్తే ఆ ఖాళీలోకి ఇసుక చేరుతుంది, కాలు మళ్లీ గాజును తాకదు. రాయి సర్దబోయి స్టాండునే కదిపినవాళ్ల తొట్టెల్లో ఒరుగుడు అక్కడే మొదలవుతుంది. అంటించిన కాలికి ఆ గండం లేదు.

రాళ్లు కూర్చడం

చట్రం మీద మొదటి రాయి చదునుగా, వెడల్పుగా ఉండాలి. కనీసం మూడు చోట్ల చట్రాన్ని తాకాలి. నల్ల కేబుల్ టైలు రెండు అడ్డదిడ్డంగా వేసి బిగించి, తాకని చోట్ల అక్వేరియం ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముద్ద కూరాలి. ఎపాక్సీ రాతిని పట్టి మోస్తుందనుకోవడం పొరపాటు. అది సందు నింపి ఊగకుండా చేస్తుంది, మోసేది రాతికి రాయి ఆనడం, లోపలి కడ్డీ. రెండో రాయి నుంచి కడ్డీ గుచ్చాలి. డ్రిల్లు సుత్తి దెబ్బ ఆపేసి, మేసన్రీ బిట్‌తో నెమ్మదిగా, నీళ్లు చిలకరిస్తూ తొలచాలి. 12 మిల్లీమీటర్ల కడ్డీకి 13 మిల్లీమీటర్ల రంధ్రం. రెండు రాళ్లలోనూ నాలుగైదు సెంటీమీటర్ల లోతు దిగితే పక్కకు తోసినా జారదు.

గుట్ట లేచాక తాపీమేస్త్రి తూకపుగుండు తీసుకోవాలి. బాగా ముందుకొచ్చిన రాతి కొన నుంచి దారం వదిలితే గుండు ఎక్కడ ఆగుతుందో చూడాలి. కొన బయటికి రావచ్చు. కానీ మొత్తం గుట్ట బరువు కేంద్రం, కాళ్ల మధ్య దూరంలో నడి మూడో వంతు లోపలే పడాలి. దాన్ని తేల్చుకోవడానికి సులువైన పద్ధతి: స్టాండుతో సహా గుట్టను నేల మీద పెట్టి, ఒక్కో వైపు నుంచి పైభాగాన్ని వేలితో గట్టిగా నెట్టడం. ఏ వైపు కాళ్లు తేలిగ్గా లేస్తాయో ఆ వైపు కింద బరువు పెంచాలి, లేదా పైన తగ్గించాలి. ఇదంతా తొట్టె బయటే, అట్టముక్క మీద తొట్టె అడుగు కొలతలు గీసుకుని చేయాలి. గాజు గోడలకు 10 సెంటీమీటర్ల ఎడం వదలాలి. తుడిచే మాగ్నెట్ తిరగాలి, వెనక నీరు పారాలి.

పగడాలు పెరుగుతాయన్న సంగతి మరవకూడదు. పైన పళ్లెంలా విచ్చుకునే మాంటిపోరా ఏళ్లు గడిచేకొద్దీ బరువు పెంచుతుంది, ప్రవాహానికి తెరచాపలా అడ్డం నిలుస్తుంది. కట్టిన రోజు సరిగ్గా నిలిచిన గుట్టకు కొంత మిగులు బలం ఉండాలి.

ఇసుక, నీరు, నేల బరువు

వరస మారకూడదు. ముందు తుడిచిన గాజు, దాని మీద స్టాండు, స్టాండు మీద రాళ్లు, ఆ తరవాత ఇసుక, చివర నీరు. ఇసుకను కడిగి, తడి మీదే చిన్న గరిటెతో కాళ్ల మధ్యకు, రాళ్ల కిందికి కూరాలి. సగం ఎత్తు వచ్చాక కాస్త నీరు పోసి కుదరనిచ్చి మిగతా సగం పోయాలి. రాతి కింద నీడలో ఖాళీలు మిగలడం ఇక్కడ మామూలు పొరపాటు. వారంలో ఇసుక అర నుంచి ఒక సెంటీమీటరు కుదురుతుంది, అందుకు ఐదు నుంచి పదకొండు కిలోలు పక్కన ఉంచుకోవాలి. రాతి అడుగు ఇసుకను అంతటా తాకనక్కర్లేదు, కాళ్ల దగ్గర తప్ప మిగతా చోట్ల కమానులా కాస్త పైకే ఉంటే కింద ఇసుకకు నీరు అందుతుంది.

నాలుగడుగుల తొట్టెలో 12 సెంటీమీటర్ల ఇసుక అంటే 86 లీటర్లు, లీటరుకు కిలోన్నర లెక్కన 130 కిలోలు. 40 కిలోల రాళ్లు, 335 లీటర్ల నీరు, 12 మిల్లీమీటర్ల గాజు కలిపితే ఇనుప స్టాండు కాకుండానే 600 కిలోలు. ఇళ్ల అంతస్తులను చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువుకు లెక్కగడతారు, ఈ తొట్టె కింద అది 800 దాటుతుంది. మేడ మీద గది నడుమ కాకుండా కింది అంతస్తులో పెట్టడం మంచిది. పైనే పెట్టక తప్పకపోతే దూలం మీదుగా, గోడ వారగా, ఇంజినీరుకు చూపించి పెట్టాలి. తొట్టె కింద థర్మకోల్ షీటు తప్పనిసరి.

రాతి బరువు విషయంలో ఒక మెలిక ఉంది. 40 కిలోల రాయి ఉప్పునీటిలో 25 కిలోలే తూగుతుంది. నీరు మార్చేటప్పుడు మట్టం దించితే బయటపడిన రాయి మళ్లీ పూర్తి బరువు, రంధ్రాల్లో నిలిచిన నీటి బరువు కూడా మోస్తుంది. నీటిలో ఏడాది నిలిచిన అతుకు నీళ్లు తోడుతుండగా విరగడం ఇందుకే. రాళ్లు బయటపడేంతగా నీరు దించాల్సి వస్తే పైరాళ్లకు చేయి ఆనించి దించాలి.

కరెంటు పోయినప్పుడు గుట్ట ఆకారం కూడా అక్కరకొస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపు ఒక్కటే దిక్కు. 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టేచోట 30 డిగ్రీలకు 6.2 మాత్రమే పడుతుంది, ఇసుక పరుపు అందులోంచి తన వాటా తీసుకుంటూనే ఉంటుంది. కాళ్ల మీద లేచిన, వెనక సందులున్న గుట్టలో ఎయిర్ పంపు గొట్టం చివర బుడగలు వదిలే ఒక్క గాలి రాయితోనే నీరు చుట్టూ తిరుగుతుంది. గోడలా పేర్చిన రాళ్ల వెనక అది జరగదు.

కనిపెట్టడం, నడుస్తున్న తొట్టెకు కాళ్లు వేయడం

ఒరుగుడు కంటికి ఆనేలోపే పట్టుకోవాలంటే గాజు బయటి వైపు రాతి మూలలకు ఎదురుగా మార్కర్‌తో చుక్కలు పెట్టాలి, ఇసుక మట్టానికి ఒక గీత గీయాలి. నెలకోసారి ఎప్పుడూ నిలబడే చోటునుంచే చూడాలి. చుక్క, మూల విడిపోతే రాయి కదిలినట్టు. రాతి మొదట్లో గిన్నెలా గుంత కనిపిస్తే పంపు ముఖం పైకి తిప్పాలి. నల్ల మరక కనిపిస్తే తవ్వకూడదు. అది పైకి పాకుతోందో లేదో చూసి, మేత తగ్గించి, ఆ వైపు ప్రవాహం మెల్లగా పెంచాలి.

ఇప్పటికే ఇసుక మీద రాళ్లు పేర్చి నడుపుతున్న తొట్టెను ఊడదీయనక్కర్లేదు. ఉద్దానం ఇసుక నేలల్లో నుయ్యి తవ్వేటప్పుడు ఒరలు దింపుకుంటూ పోతారు, లేకపోతే గోడ కూలుతుంది. అదే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. మూడంగుళాల పైపు ముక్కను నిలువుగా, తిప్పుతూ, అడుగు గాజు తగిలేదాకా ఇసుకలోకి దింపాలి. అదే ఒర. సన్నటి గొట్టంతో దాని లోపలి ఇసుకను సైఫన్ చేసి బకెట్లోకి లాగేయాలి. నల్లటి ఇసుక, వాసన నీరు ఒరలోంచి నేరుగా బయటికే పోతాయి, తొట్టెలో కలవవు. గాజు శుభ్రంగా కనిపించాక, ఒరలో పట్టేలా 5 సెంటీమీటర్ల గుండ్రటి అక్రిలిక్ మెత్త అంటించిన కాలును లోపల నిలబెట్టి, కొత్తగా కడిగిన ఇసుక చుట్టూ పోసి, ఒరను తిప్పుతూ పైకి తీయాలి. కాలు ఎత్తు ముందే రాతి అడుగును బట్టి కొలిచి ఉంచుకోవాలి.

వారానికి ఒక్క కాలే వేయాలి. ఒకేసారి నాలుగు చోట్ల కదిపితే ఇసుకలోని జీవాలు కోలుకోవు, బయటపడే మురికిని నీరు తట్టుకోలేదు. కాళ్లన్నీ దిగాక వాటి తలలను కలుపుతూ పై చట్రం బిగించాలి, విడిగా నిలబడిన కాలు బరువు పడగానే ఒరుగుతుంది. చివరి వారం రాళ్లను ఎత్తి, పక్క తొట్టెలో ఉప్పునీటిలోనే ఉంచి, చట్రం మీద తిరిగి పేర్చాలి. ఆ రోజు కొత్త ఉప్పునీరు తొట్టె నీటిలో నాలుగో వంతు సిద్ధంగా కలిపి ఉంచుకోవాలి. వాసన తగిలిన క్షణంలో మార్చడానికి అది చేతికందేలా ఉండాలి.